ఎయిర్‌కాన్ బాగుపడిన రోజు

మా ఆయనకు చూపు పోయాక ఇంట్లో ఏ చప్పుడూ ఆయన్ని దాటి పోలేదు. పాలు పొంగబోతున్నాయని పొయ్యి దగ్గరున్న నాకంటే ముందు కుర్చీలో ఉన్న ఆయనే అరిచేవాడు. నేను చెప్పుల్లో కాలు పెడితే ఎక్కడికని అడిగేవాడు. అందుకే కారులో ఎయిర్‌కాన్ చెడిపోయిన సంగతి నాకు చెమట పట్టకముందే ఆయనకు తెలిసిపోయింది.

“టిక్కు రాలేదు,” అన్నాడు పక్క సీట్లోంచి.

“ఏటి రాలేదు మావా?”

“టిక్కే. ఎయిర్‌కాన్ నొక్కితే బానెట్టు కింద టిక్కుమంటాది. ఇయ్యాల అన్నేదు. ఏటి సేసినావు?”

“నానేటి సేత్తాను? నొక్కినాను, అంతే.”

“నొక్కడం కూడా రాదు నీకు.”

ఆయన మా అమ్మకు తమ్ముడు. పుట్టినప్పటి నుంచి మావా అనే పిలిచాను, పెళ్లయ్యాక కొత్త పిలుపేదీ రాలేదు. ఆయన చేత మాటలు పడడం కూడా కొత్తగా నేర్చుకోనక్కర్లేకపోయింది. ఈ మలేషియాలో రబ్బరు ఎస్టేటు ఉన్నన్నాళ్లు ఎస్టేటు లారీ నడిపాడు. ఎస్టేటు అమ్మేసి ఇళ్లు కట్టాక సుంగై పెటాని టౌనుకు వచ్చి ఫ్యాక్టరీ బస్సు నడిపాడు. షుగరు ముందు కళ్లు తిన్నది, తర్వాత కిడ్నీలు తిన్నది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి.

తీసుకెళ్లేది నేనే. ఆయనకు చూపు మసకబారుతున్నప్పుడు, బస్సు వదిలేయాల్సి వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరో ఒకరికి కారు రావాలి అన్నారు. కొడుకు కౌలాలంపూర్‌లో. మిగిలింది నేను. నాకు చదవడం రాదని ప్రశ్నలు వినిపించి పరీక్ష పెట్టారు. డ్రైవింగ్ స్కూల్లో మాస్టరు నేర్పాడు, ఇంట్లో మా ఆయన తిట్టాడు. రెండింటినీ తట్టుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. అంతవరకు నేను ఎక్కడికి పోవాలన్నా ఒక మగవాడికి తీరిక ఉండాలి.

మిషన్ మీద పడుకోబెట్టాక మధ్యాహ్నం దాకా ఆయనతో పని ఉండదు. లోపలికి మనల్ని రానివ్వరు. మొదట్లో వరండాలో బల్ల మీద కూర్చునేదాన్ని. తర్వాత ఒకరోజు మార్కెట్‌కి వెళ్లొచ్చాను. తర్వాత మా తెలుగువాళ్లలోనే ఒక పెద్దావిడ, టీచరుగా చేసి మానేసిన ఆవిడ, ఊరి చివర తన ఇంటి ముందు గదిలో మాలాంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పుతోందని తెలిసి అటు పోయాను. ఎస్టేటులో ఉన్నప్పుడు తమిళ బడి ఉండేది. అన్నదమ్ములు వెళ్లారు. నేను వాళ్లకు కట్టే మూటలో అన్నం సర్దాను. తల నెరిశాక, ఆయన రక్తం మిషన్లో తిరుగుతున్న ఆ పొద్దుల్లో, నేను తెలుగు రాయడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా మానలేదు. అక్కడ మేము చదువుకునేది కొంచెం, నవ్వుకునేది చాలా. ఆ ఇంటికి బస్సు పోదు. కారు ఉంటేనే ఆ పొద్దులు.

ఎయిర్‌కాన్ లేకుండా కారు నడపలేమా అంటే, నేను నడపగలను. ఆయన కూర్చోలేడు. మిషన్ మీద నుంచి లేచాక ఆయనకు బీపీ పడిపోతుంది, ఒళ్లు వేలాడిపోతుంది. ఆ ఎండలో, ఆ ఉక్కలో, అద్దాలు దించితే వేడి గాలి, ఎత్తితే ఊపిరాడదు. రెండోసారికే దారిలో వాంతి చేసుకున్నాడు. ట్రాఫిక్ లైటు దగ్గర కారాపి ఆయన నోరు తుడుస్తుంటే వెనకవాళ్లు హారన్ కొట్టారు.

పోమెన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇక్కడ మెకానిక్‌ని మేమంతా పోమెన్ అనే అంటాం. ఆ చైనా ఆయన గొట్టం పెట్టి చూసి గ్యాసు బాగానే ఉందన్నాడు. బానెట్టులోకి ఒకసారి తల పెట్టి తీసి, “కంప్రెసర్ సుడా మతి, ఆంటీ. తుకార్ సెముఆ లా,” అన్నాడు. చచ్చిపోయింది, మొత్తం మార్చాలి అని. పక్కన ఇంకో కారు ఎత్తి పెట్టి ఉంది. ఆయనకు మా పాత కారు కోసం తీరిక లేదు.

ఆ సాయంత్రం కొడుక్కి ఫోన్ చేశాం. వాడికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే తమిళం, ఇంగ్లీషు కలుస్తాయి, చివర ఇక్కడివాళ్లందరి ‘లా’.

“అమ్మా, పళసు కారు అది, పాతది. వద్దు లా. నేను ఇక్కడినుంచే ఫోన్‌లో కారు బుక్ చేస్తాను. గేటు ముందల వస్తాది. చల్లగా ఉంటాది. నువ్వు రెస్ట్ తీసుకో.”

“నాకు రెస్టు ఎందుకురా?”

“వయసయింది కదామ్మా.”

“బాగు చేయిస్తే?”

“బాగయితే అప్పుడు చూద్దాం లా.”

ఆ చివరి మాటను నేను పట్టుకున్నాను. బాగయితే కారు ఉంటుంది అని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. వాడు అలా అనలేదు.

మా ఆయన మాత్రం కారు గురించి కాకుండా పోమెన్ గురించి మండిపడ్డాడు. బతుకంతా బండ్ల కింద పడుకున్నవాడికి ఇంకొకడు బండి చచ్చిందని చెప్పడం నచ్చలేదు.

“కంప్రెసర్ సచ్చేముందల అరుత్తాది. గరగర లాడతాది. ఇది నోరు మూసుకున్నాది. మూగదాన్ని సచ్చిందంటాడేటి ఆ పోమెన్? నా కళ్లుంటేనా...”

“నా కళ్లున్నాయి కదా. నువ్వు సెప్పు, నాను సూత్తాను,” అన్నాను.

 ఆయన మొలతాడుకున్న తాళంచెవి విప్పి చేతిలో పెట్టాడు.

ఆయన పనిముట్ల పెట్టె తాళం అది. కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పాడు, స్పానర్లను ఆడది తాకకూడదు, దాటకూడదు అని. డ్రైవర్లందరి ఇళ్లలోనూ ఆ మాట ఉండేది. స్పానరు దాటితే బండి ఎక్కడో దారిలో ఆగిపోతుందట. పెట్టె మీద దుమ్ము ఎప్పుడూ నేనే తుడిచాను, మూత ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు ఎత్తితే లోపల ప్రతి స్పానరు నూనె రాసి, గుడ్డలో వరసగా చుట్టి పెట్టి ఉంది. పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు. ఈ చేతులకు ఇంత ఓపిక కూడా ఉందా అనుకున్నాను. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ ఓపిక దొరకలేదు.

మర్నాడు ఆయనకు మిషన్ లేని రోజు. పోర్చిలో కారుకు ఎదురుగా కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టాను.

“జుట్టు ముడెయ్యి. కైలి ఎగ్గట్టు. ఇంజను తిరుగుతున్నప్పుడు బెల్టు కాడికి సెయ్యి ఎట్టినావంటే సెయ్యి పోతాది, నాను గుడ్డోణ్ణి, నువ్వు సొట్టదానివి, బాగుంటాది సంసారం.”

ఇంజన్ స్టార్ట్ చేసి ఎయిర్‌కాన్ నొక్కి వచ్చాను. ముందు వైపు కింద ఉంది కంప్రెసరు. బెల్టు తిప్పే చక్రం ఒకటి, దాని ముఖం మీద పళ్లెంలాంటి రేకు ఒకటి. ఆయన దాన్ని తట్టు అన్నాడు.

“బెల్టు సక్రం తిరుగుతాందా?”

“తిరుగుతాంది.”

“నడుమన తట్టు?”

“అది తిరగట్లేదు. కూకునుంది.”

“అదే క్లచ్చి. సక్రం ఎప్పుడూ తిరుగుతాది. కరెంటు వత్తే లోపల అయస్కాంతం తట్టుని లాగి సక్రానికి అతికిత్తాది. అప్పుడే టిక్కుమంటాది. అప్పుడే కంప్రెసర్ తిరుగుతాది, సల్లదనం వత్తాది. అర్థమయినాదా?”

“అయినాది.”

“ఏటి అయినాది, సెప్పు.”

“సక్రం నీలాగ ఊరికే తిరుగుతాంది. తట్టు కదిలితే గానీ పని జరగదు.”

ఆయన నవ్వాడు. చాలా రోజులకు. “నోరు పెరిగినాది నీకు,” అన్నాడు, కానీ తిట్టినట్టు లేదు.

ముందు ఫ్యూజులు చూడమన్నాడు. తర్వాత ఎయిర్‌కాన్ రిలే పీకి, హారన్ రిలే కూడా అలాంటిదే కాబట్టి అది తెచ్చి దాని చోట పెట్టమన్నాడు. పెట్టాను. టిక్కు రాలేదు. పెట్టెలో రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు ఉంది. క్లచ్‌కి పోయే వైరు విప్పి దాని కొసకు ఒకటి, ఇంజన్ ఇనుముకు ఒకటి ఆనించమన్నాడు.

“వెలిగినాదా?”

“వెలిగినాది.”

“గట్టిగానా, మిణుకుగానా?”

“గట్టిగానే.”

“అయితే కరెంటు వత్తాంది. వైరు ఎట్టీ. దోషం తట్టులోనే ఉన్నాది. పొడుగు కర్ర ఏదయినా తే.”

విరిగిన చీపురు కర్ర తెచ్చాను. దూరంగా నిలబడి, దాని కొసతో తట్టును మెల్లగా చక్రం వైపు నొక్కమన్నాడు. భయం వేసింది. నొక్కాను. టిక్కుమని తట్టు అతుక్కుని చక్రంతో పాటు గిర్రున తిరిగింది. ఇంజన్ గొంతు మారింది. కర్ర చేతిలోంచి జారిపోయింది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఇన్నావా! ఇన్నావా! సచ్చిందంట! ఆ పోమెన్ని పిలువు, ఇనిపిత్తాను!”

ఎయిర్‌కాన్ ఆపి మళ్లీ నొక్కితే రాలేదు. కర్రతో తోస్తే వచ్చింది. అయస్కాంతానికి పట్టు ఉంది గానీ తట్టును దగ్గరికి లాక్కునే బలం చాలడం లేదు, మధ్యలో ఏదో అడ్డం ఉండాలి, లేకపోతే సందు పెరిగి ఉండాలి, తట్టు విప్పి చూడాల్సిందే అన్నాడు. ఇంజన్ చల్లారేదాకా ఆగాం. నేను టీ పెట్టి తెచ్చాను. ఆయన తాగి, బాగుంది అనలేదు గానీ, గ్లాసు ఇస్తూ నా చేతి కోసం తడిమి వేళ్లకు ఏమైనా తగిలిందా అని చూశాడు. ఆ పూట ఇలాగే ఇంకాస్త సాగితే బాగుండునని నాకు అనిపించింది. ఈ మాట రాయకపోతే మిగతాది రాయడం న్యాయం కాదు.

నడుమనున్న బోల్టు విప్పడానికి నా బరువంతా వేయాల్సి వచ్చింది. తట్టు ఊడివచ్చింది. తిప్పి చూశాను.

“ఏటుంది? సెప్పవే. నల్లగా కాలినాదా?”

నేను గోటితో గీరాను. “పసుపు,” అన్నాను.

“ఏటి?”

“పసుపు మావా. పసుపు, విభూది, కుంకుం. గట్టిగా సిమెంటులాగ పట్టేసి ఉంది. కింద తుప్పు కూడాను.”

ఆయన చెయ్యి చాపి తట్టును తడిమాడు. నాకూ అప్పుడే అర్థమైంది. ఆయుధ పూజ రోజున బండికి బొట్టు పెట్టడం ఆయన ఎవరికీ వదలలేదు. చూపున్నప్పుడు బానెట్టు మీద మూడు గీతలు, ఇంజన్ మీద ఒక చుక్క పెట్టి ఊరుకునేవాడు. చూపు పోయాక ముద్ద గిన్నె పట్టుకుని నేను పక్కన నిలబడితే, తడుముకుంటూ లోపలికంటా చెయ్యి పెట్టి పూసేవాడు. గుండ్రంగా, నున్నగా, నడుమన బోల్టుతో ముఖంలా చేతికి తగిలేది అదొక్కటే. ఏటేటా దాని నుదుటికే నిండా పెట్టాడు. తడిముద్ద సందుల్లోకి దిగి, తట్టును కదిలించే రేకుల చుట్టూ గట్టిపడింది. ఆయన చేత్తో ఆయనే బండి కట్టేశాడు, అదీ దణ్ణం పెట్టి.

“ఎవులు ఎట్టినారు అక్కడ?” అన్నాడు చివరికి.

“నువ్వే.”

“నాను సుక్కంత ఎడతాను. ముద్ద కలిపింది నువ్వు. నీళ్లు పొయ్యమంటే కొబ్బరినీళ్లు పోసుంటావు. అందుకే బంకలాగ పట్టినాది.”

“కొబ్బరినీళ్లు పొయ్యమన్నది నువ్వే కదా, దేవుడికి కదా అన్నావు.”

“పలచగా కలపాల. ఆడోళ్ల పని అది. అది కూడా సేతకాకపోతే...”

 గరుకు కాగితంతో పసుపు గీరాను, తుప్పు గీరాను. ఆయన చెప్పినట్టు లోపలున్న పలచని వాషర్లలో ఒకటి తీసేసి, సందు తగ్గించి, తట్టును మళ్లీ బిగించాను. చక్రాన్ని చేత్తో తిప్పి తట్టు ఎక్కడా రాసుకోవడం లేదని చూశాను. పసుపు నా గోళ్లలో నిండిపోయింది.

ఇంజన్ స్టార్ట్ చేసి బటన్ నొక్కాను. టిక్.

ఆపి నొక్కాను. టిక్. కారులో కూర్చుని అద్దాలెత్తి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఉన్నాను. చల్లని గాలి ముఖానికి కొడుతూనే ఉంది. రేపు ఆయన్ని దింపి ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి ఈ తట్టు కథ చెబితే అందరూ ఎంత నవ్వుతారో అనుకుంటూ, ఒంటరిగా నేనే నవ్వుకున్నాను. ఇంజన్ ఆపి దిగేసరికి ఆయన కొడుకుతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“పోమెన్‌కి తెలీలేదురా. నాను కుర్చీలో కూకుని ఇనే సెప్పినాను క్లచ్చి అని. మీ అమ్మ స్పానరు పట్టుకుంది, అంతే. ఇప్పుడు ఐసులాగుంది. సరే, నువ్వు అన్నావే, కొంటానన్నాడని, వాణ్ణి రమ్మను. ఇప్పుడే అమ్మాల.”

ఫోన్ పెట్టేదాకా ఆగాను.

“బాగయినాది కదా. మళ్లీ అమ్మడమేటి?”

“బాగయినాది కాబట్టే అమ్మాల. సచ్చిన బండి ఎవుడు కొంతాడు?”

“మరి నాకు సెప్పలేదేం? అమ్మడానికయితే నాను ఆ బోల్టు ముట్టుకుందునా?”

“అందుకే సెప్పలేదు.”

అంత మామూలుగా అన్నాడు. పొద్దున్నుంచి నాతో నవ్వింది, నా వేళ్లు తడిమింది, అన్నీ ఈ మాట కడుపులో పెట్టుకునే. నా చేతిలో స్పానరు ఉంది. దాన్ని తుడిచి గుడ్డలో పెట్టాను. ఎందుకు తుడిచానో తెలియదు.

“నా మీద కోపమయితే నన్ను తిట్టు మావా. కారేటి సేసినాది నిన్ను?”

“నాకు తెల్దనుకున్నావా? నన్ను మిషన్‌కి తగిలించి నువ్వు ఎల్లి ఆడంగులతో కూకుని పలకలు దిద్దుతావు. నా రగతమంతా బయటికొచ్చి గొట్టాల్లో తిరుగుతాంటే నా కాడ ఎవులుంటారు?”

“లోపలికి నన్ను రానియ్యరు కదా!”

“బయటుంటే సాలు. బయటున్నావని తెలిత్తే సాలు.”

 ఆయన భయపడతాడని నాకు అంతవరకు తెలియదు. ముందు ఆ మాట అడిగి ఉంటే నేను ఏం చేసేదాన్నో ఇప్పటికీ చెప్పలేను. కూర్చునేదాన్నేమో. మూడు పొద్దుల్లో రెండైనా కూర్చునేదాన్నేమో. కానీ ఆయన ముందు తీసుకుని తర్వాత అడిగాడు. నన్ను ఇమ్మని మా అమ్మను అడిగిందీ అంతే, పెళ్లి మాట ఊరందరికీ చెప్పాక.

కొడుక్కి నేను వేరేగా ఫోన్ చేశాను. కారు ఉంచరా అన్నాను. “ఎక్కడికి పోవాలమ్మా నీకు?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలియక. ఆ పెద్దావిడ ఇంటి గురించి చెప్పాను. “అది సరే, నాన్న హెల్త్ ముఖ్యం కదా లా,” అన్నాడు. కారు కాగితాలు వాళ్ల నాన్న పేరు మీద ఉన్నాయి.

కొన్నది ఒక మలాయ్ అబ్బాయి. పెళ్లాం డ్రైవింగ్ నేర్చుకుంటోందట, ఆమె కోసమట. మా ఆయన కుర్చీలోంచే బటన్ నొక్కి చూపించమన్నాడు. నొక్కాను. టిక్కుమంది. ఆ అబ్బాయి గాలికి చెయ్యి పెట్టి బాగా చల్లగా ఉందని మెచ్చుకున్నాడు. తాళాలు ఇస్తుంటే ఆ భార్య రెండు చేతులూ పట్టింది. ఇంకా చిన్నపిల్ల. క్లచ్ జాగ్రత్త అని చెబుదామనుకున్నాను. ఎవరి బతుకు వాళ్లది అని ఊరుకున్నాను.

ఇప్పుడు కొడుకు పంపే కారు గేటు ముందుకు వస్తుంది. మా ఆయన వెనక సీట్లో కూర్చుని డ్రైవరుకు తాను ఎయిర్‌కాన్ బాగు చేయించిన కథ చెబుతాడు. ఆ కథలో పోమెన్ ఉంటాడు, ఆయన చెవులు ఉంటాయి, చీపురు కర్ర కూడా ఉంటుంది. పసుపు ఉండదు. నేను పక్కనే ఉంటాను, సరిదిద్దను.

సెంటర్లో ఆయన్ని లోపలికి పంపి వరండా బల్ల మీద కూర్చుంటాను. పెద్దావిడ ఒకటి రెండుసార్లు ఫోన్ చేసింది, తర్వాత మానేసింది. నా చోటులో ఇంకెవరో కూర్చుంటున్నారట. కాసేపటికోసారి లోపల నుంచి నర్సు, ఒక తమిళ అమ్మాయి, తలుపు కొంచెం తెరిచి తల పెడుతుంది.

“ఆంటీ, అంకుల్ అడుగుతున్నారు. ఉన్నారా అని.”

“ఉన్నానని చెప్పమ్మా,” అంటాను.

కొన్ని రోజులు మాత్రం, “వెళ్లిపోయిందని చెప్పు,” అంటాను. ఆ పిల్ల అది మొగుడూ పెళ్లాల వేళాకోళం అనుకుంటుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, లోపలికెళ్లి, ఉన్నానని చెబుతుంది.